‘అర్థమైందా?’ అంటే అందరూ ‘అర్థమైంది సార్’ అంటారు

ప్రశ్న: నమస్తే మేడం. తిరుపతి జిల్లాలో ఒక హైస్కూల్లో లెక్కల స్కూల్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. పదిహేడేళ్ల సర్వీసు. ఈ ఏడాది మా కాంప్లెక్సులోని బడులకు, అంటే ఒక గుంపుగా చేర్చిన చుట్టుపక్కల బడులకు వెళ్లి, తోటి టీచర్ల క్లాసులు చూసి, వాళ్లకు సలహాలు ఇచ్చే పని నాకు అప్పగించారు. దానికి మూడు రోజుల ట్రైనింగ్ జరిగింది. మెదడు ఎలా నేర్చుకుంటుందో చెప్పారు. చూసి నేర్చుకునే పిల్లలు, విని నేర్చుకునే పిల్లలు, చేసి నేర్చుకునే పిల్లలు అని విడదీసి బోధించాలన్నారు. మొదటి నెల ఆరుగురి క్లాసులు చూశాను. ఒక్కొక్కరికీ పది పన్నెండు పాయింట్లు రాసిచ్చాను. ఎవరూ ఏమీ మార్చుకోలేదు. నాకంటే తొమ్మిదేళ్లు సీనియర్ అయిన ఒక లెక్కల సారు, "ఏమ్మా, రాసుకొని పోయి ఎవరికి చూపిస్తావు?" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన ఏడో తరగతికి భిన్నాల కూడిక చాలా చక్కగా చెప్పారు. పిల్లలంతా అర్థమైంది అన్నారు. వారం తర్వాత పరీక్ష పెడితే సగం మంది తప్పే. "ఇది డల్ బ్యాచ్ అమ్మా, ఎంత చెప్పినా ఇంతే" అంటారాయన. నిజంగా కొందరు పిల్లలు అంతేనా? నాకంటే పెద్దవాళ్లకు నేనెట్ల చెప్పాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?
ఒక టీచరు, పాకాల వైపు నుంచి

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఆ సారు "చాలా చక్కగా చెప్పారు" అని రాశారు. ఆ రోజు మీరు ఎక్కడ కూర్చున్నారు? వెనక బెంచీలోనో, తలుపు పక్కన వేసిన కుర్చీలోనో కూర్చుని ఉంటారు. క్లాసు చూడ్డానికి వచ్చినవాళ్లను ఎక్కడైనా అక్కడే కూర్చోబెడతారు. అక్కడి నుంచి టీచరు ముఖం, పిల్లల వీపులు కనిపిస్తాయి. అందుకే మీరు రాసిన పన్నెండు పాయింట్లూ టీచరు గురించే అయి ఉంటాయి. గొంతు, బోర్డు పని, టీఎల్‌ఎం (బోధన సామగ్రి), క్లాసులో కదలిక. పిల్లల గురించి ఒక్కటైనా ఉందేమో మీ పుస్తకం తీసి చూసుకోండి.

వచ్చేసారి రెండో వరుసలోనో మూడో వరుసలోనో ఒక పిల్ల పక్కన, అదే బెంచీ మీద సర్దుకుని కూర్చోండి. నాకు ఇది ఆలస్యంగా తెలిసింది. టీచర్లకు శిక్షణ ఇచ్చే పనిలో చాలా ఏళ్లు గడిచాక, చంద్రగిరి వైపు ఒక బడిలో మరెక్కడా ఖాళీ లేక ఒక ఏడో తరగతి అమ్మాయి పక్కన కూర్చున్నాను. అనుకోకుండా ఆ రోజు పాఠం కూడా భిన్నాల కూడికే. బోర్డు మీద 3/4 + 2/5. సారు క.సా.గు. 20 తీశారు, 15/20 + 8/20 వేశారు, 23/20 రాసి కింద రెండు గీతలు గీశారు. ఎక్కడా తడబాటు లేదు. ఆ అమ్మాయి ఎర్ర పెన్నుతో మార్జిన్ కొట్టుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో అంతా దించుకుంది. "అర్థమైందా?" అన్నారు సారు. "అర్థమైంది సార్" అని క్లాసంతా ఒక్క గొంతుతో పలికింది. ఆ అమ్మాయి కూడా అంది, మనస్ఫూర్తిగానే అంది.

నేను ఆమె నోట్సు మెల్లగా మూసి, నా డైరీ వెనక పేజీ ఇచ్చి, అదే లెక్క మళ్లీ వేయమన్నాను. క్షణం కూడా ఆలోచించకుండా 5/9 రాసింది. పైన మూడూ రెండూ ఐదు, కింద నాలుగూ ఐదూ తొమ్మిది.

వాళ్లింట్లో రెండు ఆవులున్నాయని, రోజూ పొద్దున డెయిరీలో పాలు పోసొస్తానని అంతకుముందే మాటల్లో చెప్పింది. "అర లీటరు పాలల్లో పావు లీటరు పోస్తే ఎంత?" అని అడిగాను. "ముప్పావు" అని టక్కున చెప్పింది. "దాన్నే రాయి" అని 1/2 + 1/4 వేసిచ్చాను. 2/6 రాసింది. ఆరు ముక్కల్లో రెండు అంటే మూడింట ఒక వంతు కదా, దాన్ని బొమ్మ గీయించాను. తర్వాత అడిగాను: "అర లీటరులో ఇంకొంచెం పోస్తే అరకంటే తగ్గిపోయిందా?" ఆమె పెన్సిలు కొరుకుతూ ఆ కాగితం వైపు చాలాసేపు చూసింది. చివరికి చెవి దగ్గరకొచ్చి, "మేడం, అయితే కింద నెంబర్లు కూడకూడదా?" అంది. ఆ గంటలో ఆ గదిలో ఎవరూ అడగని ప్రశ్న అది. అడగాల్సిన ప్రశ్న కూడా అదే.

ఆ అమ్మాయి డల్ కాదమ్మా. ఒకటో తరగతి నుంచి కూడిక అంటే కనిపించిన అంకెలన్నీ కలపడమేనని నేర్చుకుంది. ఆరేళ్లుగా ఆ పద్ధతి పనిచేసింది. భిన్నాల దగ్గర కూడా అదే వాడింది. ఇది ఎన్నో దేశాల్లో పిల్లలు చేసే తప్పే. ఇందులో తెలివితక్కువతనం లేదు, ఒక పాత రూలును కొత్త చోటికి తీసుకురావడం ఉంది. సారు క.సా.గు. చక్కగానే చూపించారు. కానీ ఆమె తలలో ముందే కూర్చున్న రూలును ఎవరూ తట్టలేదు. ఎవరూ తట్టకపోతే అది అక్కడే ఉంటుంది, మన పాఠం నోట్సులో ఉంటుంది.

"కొందరు పిల్లలు అంతేనా?" అన్న మీ ప్రశ్నకు నా జవాబు ఇక్కడే మొదలవుతుంది. మనం ఒక కొత్త విషయం ఆలోచించేటప్పుడు తలలో ఒకేసారి పట్టుకోగలిగేవి చాలా కొద్ది. మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో అది ఏడుకు అటూఇటూ అన్నారు. నెల్సన్ కోవన్ 2001లో ఇంకా తగ్గించి నాలుగు దాకానే అన్నారు. దీన్నే వర్కింగ్ మెమరీ అంటున్నారు. ఇప్పుడు మీ ఏడో తరగతిలో ఎక్కాలు నోటికి రాని పిల్లవాణ్ని ఊహించుకోండి. 3/4ను 20 హారంలోకి మార్చాలి. నాలుగు ఐదుల ఎంత అని వేళ్ల మీద లెక్కపెట్టడంలోనే వాడి చోటంతా నిండిపోతుంది. అది తేలేసరికి 3ను ఎంతతో గుణించాలో మర్చిపోతాడు. పక్కన కూర్చున్న పిల్లకు నాలుగైదుల ఇరవై ఆలోచించకుండానే వస్తుంది కాబట్టి, ఆమె తలలో భిన్నానికి చోటుంది. ఇద్దరూ ఒకే పాఠం విన్నారు. ఒకరి బుట్ట ఖాళీగా ఉంది, ఇంకొకరి బుట్ట అప్పటికే నిండి ఉంది. దీనికి మనం పెట్టిన పేరు డల్.

బరువు ఇంకో రకంగా కూడా పడుతుంది. మన పాఠ్యపుస్తకాలు ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగుగా వస్తున్నాయి. క్లాసు ఇంగ్లీషు పేజీ మీద నడుస్తుంది. నగరి, సత్యవేడు, కుప్పం వైపు బడుల్లో ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు ఎంతమందో మీకు తెలుసు. వాళ్లు లెక్క చేసే ముందు రెండు భాషలు దాటి రావాలి. అందుకని విషయం ఇంటి మాటలో ఎక్కనివ్వండి. పావు, అర, ముప్పావు అన్న మాటలతో అది కుదురుకున్నాక హారం, లవం అనే మాటలు, ఆ తర్వాత ఇంగ్లీషు మాటలు తగిలించవచ్చు. ఇంగ్లీషు మీడియం క్లాసులో తెలుగులో చెబితే తప్పేమోనని కొందరు టీచర్లు భయపడుతుంటారు. ఆ భయం తీసేయండి.

బరువు తగ్గించే పద్ధతి ఒకటి ఉంది. జాన్ స్వెల్లర్, ఆయన తోటివాళ్లు 1980ల నుంచి దీని మీద పనిచేశారు. కొత్త రకం లెక్క నేర్చుకునే పిల్లవాడికి వెంటనే పది లెక్కలు ఇవ్వకూడదు. ముందు అన్ని మెట్లతో పూర్తిగా చేసిన లెక్క ఒకటి ఇచ్చి, ఏ మెట్టు ఎందుకు వచ్చిందో వాడితో చెప్పించాలి. రెండో లెక్కలో చివరి మెట్టు ఖాళీ వదలాలి. మూడో దాంట్లో చివరి రెండు మెట్లు. అలా పోగా పోగా పిల్లవాడు మొత్తం తనే చేస్తాడు. చూడ్డానికి చాలా చిన్న సంగతి. కానీ మనలో చాలామందిమి ఒక లెక్క బోర్డు మీద చేసి, "అభ్యాసం 2.3లో మిగిలినవి మీరు చేయండి" అని కుర్చీలో కూర్చుంటాం. ఆ ఒక్క గెంతులోనే సగం క్లాసు కింద పడుతుంది.

ఇక "అర్థమైంది అన్నారు, వారానికి మర్చిపోయారు" అన్నదాని సంగతి. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ ఆయన అర్థం లేని అక్షరాల గుంపులు బట్టీపట్టి, తన మీద తనే ప్రయోగాలు చేసుకుని 1885లో పుస్తకం వేశారు. మర్చిపోవడం మొదటి గంటల్లోనే, మొదటి రోజే చాలా వేగంగా జరుగుతుందని, తర్వాత నెమ్మదిస్తుందని తేల్చారు. కాబట్టి మర్చిపోవడం పిల్లల నేరం కాదు, మనుషులందరి తలలూ అంతే. దీనికి మందు ఏమిటో 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె అమెరికాలో కాలేజీ పిల్లలతో చేసిన ప్రయోగంలో స్పష్టంగా కనిపిస్తుంది. కొందరు ఒక పాఠం రెండుసార్లు చదివారు. మిగతావాళ్లు ఒకసారి చదివి, చూడకుండా గుర్తున్నది రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి. వాళ్లకు 81 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 75. వారం తర్వాత తారుమారైంది. చదివినవాళ్లకు 42 శాతం, రాసినవాళ్లకు 56.

మీ సారు క్లాసు చివర "అర్థమైందా" అని అడిగినప్పుడు ఆయనకు వినిపించింది ఆ 5 నిమిషాల నాటి జవాబు. పరీక్షలో కనిపించింది వారం తర్వాతి జవాబు. ఆయన అబద్ధం చెప్పలేదు, పిల్లలూ చెప్పలేదు. మధ్యలో ఒక్కసారైనా ఆ లెక్కను పిల్లలు తలలోంచి బయటికి తీయలేదు, అంతే.

తీయించడానికి పలక చాలు. మార్కాపురం పలకలు మన బడుల్లో ఒకప్పుడు ప్రతి సంచిలో ఉండేవి. ఇప్పుడు రెండో తరగతి దాటితే కనబడవు. ఏడో తరగతికైనా మళ్లీ తెప్పించండి. పలక దొరక్కపోతే పాత నోట్సు అట్ట మీద తెల్ల కాగితం, అదీ చాలు. గంట మొదట్లో ఐదు నిమిషాలు, మూడు ప్రశ్నలు. ఒకటి నిన్నటిది, ఒకటి పోయిన వారానిది, ఒకటి పోయిన నెలది. పుస్తకాలు మూసి అందరూ రాయాలి, "ఎత్తండి" అనగానే అందరూ ఒకేసారి ఎత్తాలి. మార్కులు వేయకూడదు, రిజిస్టరులో ఎక్కించకూడదు, తప్పు రాసిన పిల్లవాడి పేరు పిలవకూడదు. నలభై పలకలు ఒకేసారి లేచినప్పుడు టీచరుకు ఒక్క చూపులో తెలిసిపోతుంది. పదిహేను పలకల మీద 5/9 కనిపిస్తే ఈ రోజు పాఠం ఏమిటో అవే చెబుతాయి. ఏడాది మధ్యలో వచ్చే ఎఫ్ఏ పరీక్ష దాకా ఆగాల్సిన పని లేదు.

ఒక జాగ్రత్త. దీన్ని రోజూ జరిగే పరీక్షగా మార్చేస్తే పిల్లలకు టెన్షన్ పట్టుకుంటుంది, పక్కవాడి పలక చూసి రాయడం మొదలవుతుంది, అప్పుడిక మీకేమీ తెలియదు.

మీకు ట్రైనింగులో చెప్పిన చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు అన్న విభజన గురించి సూటిగా చెబుతాను. వదిలేయండి. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ వెతికారు. పిల్లల్ని అలా విడదీసి, ఎవరి పద్ధతిలో వాళ్లకు చెబితే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం దొరకలేదన్నారు. పిల్లలకు ఇష్టాలు ఉంటాయి, అది నిజమే. కానీ భిన్నం ఎవరికైనా బొమ్మలో కనబడాలి, మాటలో వినబడాలి, చేతితో చేయాలి. మూడూ అందరికీ కావాలి. "వీడు విని నేర్చుకునే రకం" అని ఒక పిల్లవాణ్ని చదవడం నుంచి తప్పిస్తే, వాడికి అసలు కావలసినదే తప్పిపోతుంది. మీకు ట్రైనింగ్ ఇచ్చినవాళ్లు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. ఈ మాట ఎన్నో దేశాల టీచర్లు ఇప్పటికీ నమ్ముతున్నారు.

ఇప్పుడు మీ అసలు బాధకు వస్తాను. ఆరుగురికి పన్నెండేసి పాయింట్లు ఇచ్చారు, ఎవరూ మారలేదు. అమ్మా, ఆ ఏడో తరగతి పిల్లవాడి బుట్ట గురించి ఇందాక చెప్పాను కదా, టీచరు బుట్ట కూడా అంతే ఉంటుంది. తిరుమల ఘాట్ రోడ్డు మొదటిసారి ఎక్కుతున్న డ్రైవరు పక్కన కూర్చుని, ప్రతి మలుపులో పన్నెండు జాగ్రత్తలు చెబితే ఏమవుతుంది? నలభై మంది పిల్లలు, గంట కొట్టేలోపు సిలబస్, మధ్యాహ్న భోజనం లెక్క, యాప్‌లో ఫోటో. వీటి మధ్య మీ పన్నెండు పాయింట్లు ఎక్కడ పెట్టుకుంటారు?

ఈ తప్పు నేనూ చేశాను. ఉద్యోగం తొలి రోజుల్లో ఒక కొత్త టీచరమ్మ క్లాసు చూసి, రెండు పేజీలు నిండా రాసిచ్చాను. ప్రతి మాటా సరైనదే, ఇప్పుడు చూసినా ఒక్కటీ కొట్టేయను. ఆమె ఆ కాగితాలు నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది, "థాంక్యూ మేడం" అంది. తర్వాతి నెల నేను వస్తున్నానని తెలిసిన రోజు సెలవు పెట్టింది. ఆ తర్వాతి నెలా అంతే. ఆమెకు నేర్పాలని వెళ్లి, నన్ను చూస్తే భయపడేలా చేసి వచ్చాను. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరుకూ ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలంది. మంచిదే. కానీ హాల్లో కూర్చుని విన్నది బడికి వచ్చేసరికి ఎంత మిగులుతుందో మనందరికీ తెలుసు. బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే ఇద్దరు 1980ల్లోనే ఈ మాట తేల్చారు. విషయం చెప్పడం, చేసి చూపించడం, చేయించడం, చేసింది చూసి చెప్పడం, ఇవన్నీ అయ్యాక కూడా సొంత క్లాసులో తోడుగా నిలిచే మనిషి ఉంటేనే కొత్త పద్ధతి అలవాటవుతుందన్నారు. 2018లో మాథ్యూ క్రాఫ్ట్, మరో ఇద్దరు 60 అధ్యయనాలు కలిపి చూశారు. అవి అభివృద్ధి చెందిన దేశాలవి. అలా తోడు ఉన్నచోట బోధన బాగా మెరుగైంది, పిల్లల చదువు కూడా కొంత పెరిగింది. అయితే అదే పని పెద్ద ఎత్తున, ఎక్కువమందికి చేయబోతే ఫలితం తగ్గిపోయింది. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఆ చివరి మాట.

కాబట్టి ఆరుగురు వద్దు. ఈ మూడు నెలలూ ఇద్దరిని పట్టుకోండి. మిగతా నలుగురి బడులకు వెళ్లాల్సి వస్తే వెళ్లండి, కానీ మనసు పెట్టేది ఈ ఇద్దరి దగ్గర. ఒక్కొక్కరికీ ఒక్క మార్పు. పదిహేను రోజుల్లో క్లాసులోకి వచ్చేంత చిన్నది. "విద్యార్థుల భాగస్వామ్యం పెంచండి" అని రాస్తే అది ఎవరికీ ఏమీ చెప్పదు. "ప్రశ్న అడిగాక మూడు అంకెలు మనసులో లెక్కపెట్టి, అప్పుడు పేరు పిలవండి" అంటే రేపే చేయొచ్చు.

ఈ మూడు అంకెల సంగతి చిన్నదేం కాదు. మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో ఎన్నో క్లాసుల టేపులు విని, టీచర్లు ప్రశ్న అడిగాక జవాబు కోసం దాదాపు ఒక్క సెకనే ఆగుతున్నారని గమనించారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, ఎప్పుడూ నోరు తెరవని పిల్లలు కూడా మాట్లాడారు. మన క్లాసుల్లో ఇంకో అలవాటు ఉంది. ముందు పేరు పిలిచి, తర్వాత ప్రశ్న అడుగుతాం. పేరు వినగానే మిగతా ముప్పైతొమ్మిది మంది ఊపిరి పీల్చుకుంటారు. ముందు ప్రశ్న, తర్వాత నిశ్శబ్దం, ఆఖర్న పేరు. అప్పుడు ఆ మూడు సెకన్లూ నలభై మంది ఆలోచిస్తారు.

ఇది మాటల్లో చెప్పి వదిలేస్తే కుదరదు. స్టాఫ్ రూములో భోజనాలయ్యాక నిలబడి చేసి చూడాలి. అక్కడే మీ సీనియర్ సారు సంగతి వస్తుంది. ఆయన్ను లేచి నిలబడి మీ ముందు ప్రాక్టీసు చేయమంటే చేయరు, చేయమనడం కూడా బాగుండదు. మీరే లేవండి. "సార్, నేను ఏడో తరగతికి చెబుతున్నట్టు మీకు చెబుతా, ప్రశ్న అడిగాక ఎక్కడ తొందరపడ్డానో పట్టుకోండి" అనండి. తప్పకుండా తొందరపడతారు. మొదటిసారి అందరం పడతాం. ఆయన పట్టుకుంటారు. రెండోసారి చేయండి. ఇలా రెండు మూడు రోజులు మీరు చేస్తే, నాలుగో రోజు ఆయనే "అట్ల కాదమ్మా, చూడు" అని లేస్తారు. నేను చూసిన చాలామంది సీనియర్ సార్లు ఇలాగే కలిశారు.

అంతకంటే ముందు చేయాల్సింది ఇంకోటుంది. ఆయన్ను మీ క్లాసుకి పిలవండి. "సార్, ఎనిమిదో తరగతికి బీజగణితం చెబుతున్నా, మూడో వరుసలో ఒక పిల్లవాడు ఎక్కడ జారిపోతున్నాడో నాకు తెలియడం లేదు, మీరొచ్చి వాడి పక్కన కూర్చుని చూస్తారా?" అని అడగండి. నిజంగా మీకు అంతుపట్టని పిల్లవాడినే చూపించండి, మర్యాద కోసం నాటకం ఆడొద్దు. ఇరవై ఆరేళ్లు లెక్కలు చెప్పిన మనిషికి పిల్లవాడి పలక చూడగానే మనకు కనబడనిది కనబడుతుంది. ఆయన చెప్పింది ఆయన ముందే రాసుకోండి, మర్నాడు చేసి చూపించండి.

"ఎవరికి చూపిస్తావు?" అని ఆయన అడిగింది మీకు మనసుకు గుచ్చుకుంది. కానీ ఆ ప్రశ్న న్యాయమైనదమ్మా. ఇన్నేళ్ల సర్వీసులో ఆయన క్లాసుకి వచ్చి రాసుకున్నవాళ్లందరూ ఆ కాగితం ఎక్కడికో పంపినవాళ్లే. మీ హెచ్.ఎం.తో, ఎంఈఓతో (మండల విద్యాధికారితో) ముందే ఒక మాట అనుకోండి. ఏ రోజు ఏ బడికి వెళ్లారు, ఎన్ని గంటలు ఉన్నారు, అంతవరకే మీ రిపోర్టు. క్లాసులో చూసింది మీకూ ఆ టీచరుకూ మధ్యే ఉంటుంది. వాళ్లు ఒప్పుకోకపోతే, ఆ సంగతి కూడా దాచకుండా టీచరుకు చెప్పండి. ఒప్పుకుంటే, రాసిన కాగితం క్లాసు అవగానే ఆయన చేతికే ఇచ్చేయండి. మీ దగ్గర కాపీ ఉంచుకోవద్దు. ఒకసారి ఆ కాగితం ఆయన జేబులోకి వెళితే, రెండోసారి ఆయన అడిగే ప్రశ్న వేరేగా ఉంటుంది.

క్లాసయ్యాక మాట్లాడేటప్పుడు "మీరు ఇలా చేశారు" అని మొదలుపెట్టకండి. పిల్ల పలక ముందు పెట్టండి. "సార్, ఈ అమ్మాయి 5/9 రాసింది. ఎందుకు రాసి ఉంటుంది?" అని ఆగండి. ఇక్కడ కూడా మూడు సెకన్లు. ఇద్దరూ ఆ పలకను చూస్తున్నప్పుడు మీరు చిన్న, ఆయన పెద్ద అన్న సంగతి పక్కకు పోతుంది.

అన్నీ చేసినా క్లాసుతో కలవలేని పిల్లలు కొందరు ఉంటారు, నిజమే. ఏడో తరగతిలో తీసివేత రాని పిల్లవాడికి పలకల మీద భిన్నాలు రాయిస్తే ఏం లాభం? వాడికి కావలసింది తీసివేత. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూలు వాళ్లు చుట్టుపక్కల పల్లె బడుల్లో ఈ పనే చేశారు. పద్మనాభ రావు, రమ దంపతులు పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలా వరుస పెట్టారు. ఒకే గదిలో ఒకే టీచరు ఉన్నా, ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో ఆ పిల్లకే తెలుస్తుంది. తమిళనాడు దాన్ని చూసి తన బడుల్లోకి తీసుకుంది. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ సంస్థ వాళ్లు రోజులో కొంతసేపు పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా వచ్చినదాన్ని బట్టి కూర్చోబెడతారు. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో ఆ పద్ధతిని మన దేశపు బడుల్లోనే పరీక్షించి చూశారు. అంత ఏర్పాటు మీ ఒక్కరి వల్ల కాదు. కానీ వారానికి నాలుగు రోజులు అరగంట, ఆరు ఏడు తరగతుల్లో తీసివేత, భాగహారం రాని పిల్లల్ని ఒకచోట చేర్చడానికి హెచ్.ఎం. ఒప్పుకుంటారు. వాళ్లకు "స్లో లెర్నర్స్ క్లాసు" అని పేరు మాత్రం పెట్టనివ్వకండి.

ఎవరైనా పిల్ల అక్షరాలు తిరగేసి రాస్తున్నా, చదివితే తలనొప్పి అంటున్నా, పిలిస్తే పలకకపోతున్నా, ముందు కళ్లు, చెవులు చూపించండి. కళ్లజోడుతో తీరిపోయే వెనకబాటు నేను ఎన్నోసార్లు చూశాను. అది కాదని తేలితే, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రం రిసోర్స్ టీచరును పిలవండి. చదవడంలో, లెక్కల్లో ఉండే ప్రత్యేకమైన ఇబ్బందిని కూడా 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో చేర్చింది. దానికి పరీక్షల్లో సదుపాయాలు కూడా ఉన్నాయి. ఆ పేరు మీరు గానీ, సారు గానీ సొంతంగా తగిలించకూడదు, అంతే.

మీ వచ్చే కాంప్లెక్సు మీటింగులో పవర్‌పాయింట్ వేయకండి. 3/4 + 2/5 లెక్కకు మీ పిల్లలు రాసిన పది తప్పు జవాబులు, పేర్లు లేకుండా, కాగితాల మీద తీసుకెళ్లి బల్లల మీద పరచండి. ఒక్కో తప్పు వెనక ఏ రూలు ఉందో కనిపెట్టమని టీచర్లనే అడగండి. ఆ గంట ఎలా గడుస్తుందో మీరే చూస్తారు.

మూడు వారాల తర్వాత నాకు రాయండి. క్లాసు ఎలా ఉందో వద్దు. మీరు పక్కన కూర్చున్న ఆ ఒక్క అమ్మాయికి పుస్తకం మూయించి 1/2 + 1/4 ఇచ్చినప్పుడు పలక మీద ఏం రాసిందో, ఎందుకలా రాశావంటే ఏం చెప్పిందో, ఆమె మాటల్లోనే రాయండి. తప్పు రాసినా పర్వాలేదు, అదే పంపండి. తర్వాత ఏం చేయాలో అది చూశాక ఇద్దరం కలిసి ఆలోచిద్దాం.